మరుగున పడిన బృందాలు, మరువని అభిమానులు: బెల్‌ఫాస్ట్ పంక్ సంగీత గాథ

సంగీత చరిత్ర గ్రంథాలలో సాధారణంగా పెద్ద పేర్లే కనిపిస్తాయి. పంక్ రాక్ అనగానే న్యూయార్కుకు చెందిన రామోన్స్‌ను, లండన్‌కు చెందిన సెక్స్ పిస్టల్స్, క్లాష్ బృందాలను అందరూ స్మరిస్తారు. అయితే 1976 మొదలు 1980 వరకు ఈ సంగీతం మహానగరాలను దాటి అనేక చిన్న పట్టణాలకు పాకింది. అక్కడ వెలసిన బృందాలలో చాలావరకు ఒకటి రెండు రికార్డులు వెలువరించి, నాలుగైదేళ్లలో చెదిరిపోయాయి. అసలు రికార్డే చేయకుండా అంతరించినవీ ఉన్నాయి. వాటి వృత్తాంతం నేటికీ మిగిలి ఉన్నదంటే అది అభిమానుల చలవే. వారి జ్ఞాపకాలు, వారు అటకలమీద దాచుకున్న కరపత్రాలు, కేసెట్లు, టిక్కెట్టు ముక్కలే ఈ చరిత్రకు ఆధారాలు. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్ నగరం ఇందుకు చక్కని ఉదాహరణ. అక్కడ పాట వినడానికి ఇల్లు దాటడమే ఒక సాహసంగా ఉండేది. కనుక ఆ స్మృతులకు సంగీతాన్ని మించిన విలువ ఉన్నది.

పంక్ అంటే ఏమిటి?

1970ల మధ్యనాటికి పాశ్చాత్య రాక్ సంగీతం బాగా సంక్లిష్టమైపోయింది. ఖరీదైన వాద్యాలు, ఇరవై నిమిషాల పాటలు, వేలాదిమంది కూర్చునే క్రీడామైదానాలలో ప్రదర్శనలు రివాజయ్యాయి. దీనికి ఎదురుతిరిగినదే పంక్. రెండు మూడు నిమిషాల పాట, గిటారుపై మూడు నాలుగు స్వరసంపుటులు, వేగవంతమైన తాళం, గొంతు చించుకొని పాడే గాయకుడు: స్థూలంగా ఇదీ దాని స్వరూపం. సంగీత పాఠశాలలో చేరకపోయినా, చేతిలో డబ్బు లేకపోయినా, చెప్పదలచిన మాట ఉంటే చాలు, వేదిక ఎక్కవచ్చునని పంక్ చాటింది.

ఈ ఉద్యమానికి రెండు సాధనాలు ముఖ్యమైనవి. మొదటిది సింగిల్, అనగా నిమిషానికి 45 సార్లు తిరిగే ఏడంగుళాల చిన్న రికార్డు. పెద్ద కంపెనీల ప్రమేయం లేకుండా కొద్దిపాటి సొమ్ముతో కొన్ని వందల ప్రతులు అచ్చు వేయించుకోవచ్చు. రెండవది ఫాన్‌జీన్, అనగా అభిమానులే వ్రాసి, టైపు చేసి, జిరాక్సు తీసి పంచుకునే పత్రిక. మన విద్యార్థులు ఒకప్పుడు వెలువరించిన లిఖిత పత్రికలకు ఇది దగ్గరి చుట్టం. కత్తెర, జిగురు, నకలు యంత్రం ఉంటే పత్రిక తయారైపోయేది. నేడు ఆ బృందాల గురించి తెలుస్తున్న సంగతులలో పెద్ద భాగం ఈ రెండింటి నుండి వచ్చినదే.

ఆనాటి బెల్‌ఫాస్ట్

1960ల చివరి నుండి 1998లో గుడ్ ఫ్రైడే ఒప్పందం కుదిరేవరకు ఉత్తర ఐర్లండ్ అంతర్గత హింసతో అట్టుడికింది. ఐర్లండ్‌తో ఐక్యత కోరినవారిలో అత్యధికులు కాథలిక్కులు. బ్రిటన్‌లోనే కొనసాగాలన్నవారిలో అత్యధికులు ప్రొటెస్టంట్లు. ఈ ఘర్షణలో సుమారు 3,500 మంది ప్రాణాలు కోల్పోయారు. ఒక్క 1972లోనే దాదాపు 480 మంది మరణించారు.

ఆ రోజులలో నగర మధ్యభాగం చుట్టూ ఇనుప కటకటాలు వెలిశాయి. దుకాణాలకు వెళ్లేవారిని ద్వారాలవద్ద సోదా చేసేవారు. సాయంత్రమయ్యేసరికి వీధులు నిర్మానుష్యమయ్యేవి. ఎవరి పేట వారిది, ఎవరి బడి వారిది, ఎవరి మద్యశాల వారిది. మనిషి పేరును బట్టి, చదివిన బడిని బట్టి అతడు ఏ వర్గంవాడో పోల్చుకునేవారు. పొరపాటున అవతలి పేటలో అడుగుపెడితే ప్రాణాలకే ముప్పు.

సంగీతకారులకు కూడా మినహాయింపు లేదు. 1975 జూలై 31న మయామీ షోబ్యాండ్ అనే ప్రసిద్ధ బృందం ప్రదర్శన ముగించుకొని డబ్లిన్‌కు తిరిగి వెళుతుండగా, సైనిక తనిఖీ కేంద్రంవలె నటించిన సాయుధులు వారి వాహనాన్ని నిలిపివేశారు. ముగ్గురు కళాకారులు హత్యకు గురయ్యారు. ఈ దురంతం తరువాత బయటి బృందాలు ఉత్తర ఐర్లండ్‌కు రావడానికి జంకాయి. రోరీ గాలఘర్ వంటి కొద్దిమంది మాత్రమే వస్తూపోతూ ఉండేవారు. దానితో అక్కడి యువతరానికి ప్రత్యక్ష సంగీతం దాదాపు కరవైపోయింది.

రద్దయిన కచేరీ

1977 అక్టోబరు 20న లండన్ బృందం క్లాష్ బెల్‌ఫాస్ట్‌లోని అల్స్టర్ హాలులో పాడవలసి ఉన్నది. యువతీయువకులు నగరం నలుమూలల నుండి బెడ్‌ఫర్డ్ వీధికి చేరుకున్నారు. బీమా సదుపాయం ఉపసంహరించుకోవడంతో కచేరీ రద్దయినదని అక్కడికి వచ్చాకే తెలిసింది. ఆగ్రహించిన అభిమానులకు, పోలీసులకు మధ్య తోపులాట జరిగింది. ఆనాటి సంఘటనను స్థానికులు సరదాగా ‘బెడ్‌ఫర్డ్ వీధి యుద్ధం’ అని పిలుచుకుంటారు.

కచేరీ జరగకపోయినా, ఆ సాయంత్రానికి స్మృతులలో పెద్దపీట దక్కింది. అప్పటివరకు తన పేటలో తానొక్కడినే ఈ సంగీతం వింటున్నానని అనుకున్న కుర్రవాడికి తనవంటివారు వందలాదిమంది ఉన్నారని ఆ వీధిలో అర్థమైంది. వారిలో కాథలిక్కులూ ఉన్నారు, ప్రొటెస్టంట్లూ ఉన్నారు. గొడవ మతానికి సంబంధించినది కాదు, పాటకు సంబంధించినది. ఆనాటి బెల్‌ఫాస్ట్‌లో అది అపురూపమైన విషయం.

రూడీ, హూలీ, ఒక చిన్న దుకాణం

తూర్పు బెల్‌ఫాస్ట్‌లో 1975లోనే రూడీ అనే బృందం ఏర్పడింది. లండన్‌లో పంక్ ఇంకా పేరుపెట్టుకోకముందే ఈ కుర్రవాళ్లు పాతకాలపు రాక్ అండ్ రోల్ పాటలను వేగంగా, మొరటుగా వాయించడం మొదలుపెట్టారు. ఈ బృందం పేరు బయటి ప్రపంచంలో చాలామందికి తెలియదు. బెల్‌ఫాస్ట్ అభిమానులను అడిగితే మాత్రం అంతా రూడీతోనే మొదలైందని చెబుతారు.

1978 ఆరంభంలో ‘ది పౌండ్’ అనే క్లబ్బులో రూడీ ప్రదర్శనను టెర్రీ హూలీ అనే వ్యక్తి చూశారు. ఆయన 1948లో జన్మించారు. బాల్యంలోనే ఒక ప్రమాదంలో ఒక కన్ను కోల్పోయారు. గ్రేట్ విక్టోరియా వీధిలో ‘గుడ్ వైబ్రేషన్స్’ పేరుతో రికార్డుల దుకాణం నడుపుతూ ఉండేవారు. అదే వీధిలోని యూరోపా హోటలు ముప్పై సార్లకు పైగా బాంబుదాడులకు గురైంది. అటువంటిచోట రికార్డుల దుకాణం పెట్టడమే ఒక ప్రకటన. ఆ దుకాణంలోకి ఏ వర్గంవారైనా నిర్భయంగా రావచ్చు.

రూడీ పాటలకు ముగ్ధుడైన హూలీ వెంటనే వారి రికార్డు వేయాలని సంకల్పించారు. ‘బిగ్ టైమ్’ అనే ఆ సింగిల్ 1978 ఏప్రిల్‌లో వెలువడింది. గుడ్ వైబ్రేషన్స్ సంస్థకు అదే మొదటి రికార్డు. తరువాత విక్టిమ్, అవుట్‌కాస్ట్స్, ప్రోటెక్స్, ఎక్స్‌డ్రీమిస్ట్స్, రూఫ్రెక్స్ మొదలైన బృందాల రికార్డులు వచ్చాయి. అతికించిన అట్టకవర్లకు ఖర్చెక్కువ. అందువల్ల పెద్ద కాగితంపై అచ్చువేయించి, దానినే మడతపెట్టి కవరుగా వాడేవారు. విప్పితే అది గోడపత్రిక! పేదరికం నుండి పుట్టిన ఈ ఉపాయమే నేడు సేకర్తలు ఆ రికార్డులను గుర్తుపట్టే ఆనవాలు అయింది.

హార్ప్ బార్

పాడుకోవడానికి చోటు కావాలి. హిల్ వీధిలోని హార్ప్ బార్ 1978లో పంక్ బృందాలకు తలుపులు తెరిచింది. అది సొగసైన స్థలమేమీ కాదు. ఆనాటి నగర మద్యశాలలవలె దానికీ ముంగిట భద్రత కోసం కంచె ఉండేది. అయినా నగర మధ్యంలో, ఏ వర్గానికీ చెందని జాగాలో ఉండటం దానికి కలిసివచ్చింది. ఫాల్స్ రోడ్డునుండి వచ్చిన కాథలిక్ యువకుడు, షాంకిల్ రోడ్డునుండి వచ్చిన ప్రొటెస్టంట్ యువకుడు ఒకే వేదిక ముందు నిలబడిన తొలి సందర్భాలలో ఇది ఒకటి.

అభిమానుల జ్ఞాపకాలలో పాటలతోపాటు రాకపోకల ప్రస్తావన తరచూ వస్తుంది. ఆఖరు బస్సు ఎప్పుడు పోతుంది, ఏ వీధిగుండా నడిస్తే ప్రమాదం తక్కువ, రంగు వేసిన జుట్టును టోపీకింద ఎలా దాచాలి వంటి సంగతులు వాటిలో చోటు చేసుకుంటాయి. పంక్ వేషానికి రెండు వర్గాలలోని పెద్దలూ ముఖం చిట్లించేవారు. కాథలిక్కా, ప్రొటెస్టంటా అనే ప్రశ్నకు ‘పంక్‌ను’ అని బదులు చెప్పే వీలు ఆ యువతకు దొరికింది. ఆ జవాబు అన్నివేళలా కాపాడకపోవచ్చు. కాని అటువంటి జవాబు ఒకటి ఉన్నదని తెలియడమే వారికి కొండంత ధైర్యం.

ఒక పాటకు దక్కిన కీర్తి

గుడ్ వైబ్రేషన్స్ వేసిన నాలుగవ రికార్డు మాత్రం ప్రపంచప్రసిద్ధమైంది. డెరీ పట్టణానికి చెందిన అండర్‌టోన్స్ బృందం పాడిన ‘టీనేజ్ కిక్స్’ 1978 సెప్టెంబరులో విడుదలైంది. లండన్‌లోని కంపెనీలు దానిపై ఆసక్తి చూపలేదు. బీబీసీ రేడియో 1 వ్యాఖ్యాత జాన్ పీల్ మాత్రం ఆ పాటను విని పరవశించి, ప్రసారంలో వరుసగా రెండుసార్లు వినిపించారు. దానితో అమెరికన్ సంస్థ సైర్ ఆ బృందంతో ఒప్పందం కుదుర్చుకుంది. పాట బ్రిటిష్ జాబితాలో 31వ స్థానానికి చేరింది. 2004లో మరణించిన పీల్ సమాధి ఫలకంపై ఆ పాటలోని మాటలే చెక్కబడ్డాయి.

అదే కాలంలో స్టిఫ్ లిటిల్ ఫింగర్స్ అనే బెల్‌ఫాస్ట్ బృందం నగరంలోని హింసను నేరుగా పాటలలోకి తెచ్చింది. 1979లో వెలువడిన వారి తొలి ఆల్బం ‘ఇన్‌ఫ్లేమబుల్ మెటీరియల్’ జాబితాలో 14వ స్థానం పొందింది. ఇక్కడే అభిమానుల మధ్య ఒక పాత వివాదం ఉన్నది. పాత్రికేయుడు గోర్డన్ ఒగిల్వీ సహకారంతో వ్రాసిన ఆ పాటలు బెల్‌ఫాస్ట్ బాధను సొమ్ముచేసుకున్నాయని కొందరి విమర్శ. ఎవరో ఒకరు ఆ మాట గట్టిగా చెప్పడం అవసరమేనని మరికొందరి వాదన. అండర్‌టోన్స్ మాత్రం ప్రేమలు, కలలు, కుర్రచేష్టల గురించే ఎక్కువగా పాడారు. బాంబుల మధ్య కూడా మామూలు యౌవనం గడపడమే ఒక ధిక్కారమని వారి అభిమానులు అంటారు. రెండు వాదనలలోనూ నిజం లేకపోలేదు.

కీర్తి లభించనివారి సంగతి

రూడీ 1981-82లో లండన్‌లో పాల్ వెల్లర్ ప్రోత్సాహంతో నడిచిన జామింగ్ సంస్థకు రెండు సింగిల్స్ చేసి, 1982లోనే విడిపోయింది. గుడ్ వైబ్రేషన్స్ దుకాణం కూడా అదే సంవత్సరం దివాలా తీసింది. హూలీ ఎన్నడూ వ్యాపారిగా రాణించలేదు. అండర్‌టోన్స్ హక్కులను స్వల్ప మొత్తానికి, ఒక గాయనీ బృందం సంతకం చేసిన ఛాయాచిత్రానికి వదులుకున్నానని, ఆ చిత్రం కూడా చేతికి రాలేదని ఆయన పలుమార్లు చెప్పుకున్నారు.

ప్రోటెక్స్ కథ ఇంకా విచిత్రం. క్లాష్ పాట ఒకదానినుండి పేరు తెచ్చుకున్న ఈ బృందం పాలిడార్ వంటి పెద్ద సంస్థతో ఒప్పందం కుదుర్చుకొని, 1980లో ‘స్ట్రేంజ్ అబ్సెషన్స్’ అనే ఆల్బం రికార్డు చేసింది. అది విడుదలకు నోచుకోలేదు. అభిమానులు, సేకర్తలు ఈ బృందాన్ని మరువలేదు. ఎట్టకేలకు 2010లో, అనగా ముప్పై ఏళ్ల తరువాత, ఒక చిన్న స్వతంత్ర సంస్థ దానిని వెలువరించింది. యౌవనంలో పాడిన పాటలను గాయకులు నడివయసులో ప్రజలకు వినిపించవలసి వచ్చింది.

రూఫ్రెక్స్ ఉత్తర బెల్‌ఫాస్ట్ ప్రొటెస్టంట్ పేటలనుండి వచ్చిన బృందం. ఇరువర్గాల మూఢద్వేషాన్నీ నిలదీసి పాడింది. వేర్వేరు మతాల పిల్లలు కలిసి చదువుకునే సమైక్య పాఠశాలలను సమర్థించింది. అటువంటి మొదటి బడి లాగన్ కాలేజ్ 1981లో 28 మంది విద్యార్థులతో మొదలైంది. పాటల రచయిత, డ్రమ్ముల వాద్యకారుడు పాల్ బర్జెస్ అనంతరకాలంలో కార్క్ విశ్వవిద్యాలయ కళాశాలలో అధ్యాపకులయ్యారు. జాబితాలలో ఏ స్థానమూ పొందని బృందాలకు కూడా సమాజంలో స్థానం ఉంటుందనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

జ్ఞాపకం చరిత్రగా మారిన తీరు

ఈ సమాచారమంతా ఎలా నిలిచింది? మొదట పేర్కొనదగినది జాన్ టి. డేవిస్ తీసిన ‘షెల్‌షాక్ రాక్’ అనే 1979 నాటి డాక్యుమెంటరీ. దానిని కార్క్ చలనచిత్రోత్సవం చివరిక్షణంలో ప్రదర్శించకుండా ఆపివేసింది. ఆ నిరాకరణే చిత్రానికి ప్రచారమైంది. నేడు హార్ప్ బార్ నాటి ముఖాలను, ఊగిపోయే శరీరాలను చూడాలంటే ఆ చిత్రమే శరణ్యం.

రెండవది 2003లో వచ్చిన ‘ఇట్ మేక్స్ యూ వాంట్ టు స్పిట్’ అనే గ్రంథం. షాన్ ఓనీల్, గై ట్రెల్‌ఫర్డ్ కలిసి కూర్చిన ఈ పుస్తకంలో 1977-82 మధ్య ఉత్తర ఐర్లండ్‌లో పుట్టిన పంక్ బృందాల వివరాలు, నాటివారి జ్ఞాపకాలు, ఛాయాచిత్రాలు పోగుపడ్డాయి. విమర్శకుల దృష్టికి రాని బృందాలకు కూడా ఇందులో చోటు దక్కింది. హూలీ ఆత్మకథ 2010లో వచ్చింది. ఆయన జీవితం ఆధారంగా ‘గుడ్ వైబ్రేషన్స్’ అనే చలనచిత్రం 2012లో తయారైంది. 2007లో ప్రారంభమైన ‘ఓ యా’ సంగీత కేంద్రం ఉత్తర ఐర్లండ్ సంగీత వస్తువులను ప్రదర్శనకు పెట్టింది.

బెల్‌ఫాస్ట్‌కు వెలుపల కూడా ఇటువంటి కృషి జరిగింది. 1980ల చివర ‘కిల్డ్ బై డెత్’ పేరుతో అపురూపమైన పంక్ సింగిల్స్ సంకలనాలు వెలువడసాగాయి. కొన్ని వందల ప్రతులకే పరిమితమైన పాటలు వీటివల్ల కొత్త తరానికి చేరాయి. అయితే ఇవి అనుమతి లేకుండా వేసినవి. బృందాలకు పేరు వచ్చింది గాని పైకం రాలేదు. సేకర్తల పోటీవల్ల కొన్ని చిన్న రికార్డుల ధర ఆకాశాన్నంటింది. అభిమానంలో రక్షణా ఉన్నది, లాభాపేక్షా ఉన్నది.

స్మృతిని ఎంతవరకు నమ్మవచ్చు?

జ్ఞాపకం విలువైనదే, కాని అది తప్పులకు అతీతం కాదు. ఏళ్లు గడిచేకొద్దీ గుంపులు పెరుగుతాయి, పోట్లాటలు యుద్ధాలవుతాయి. రద్దయిన కచేరీనాడు అల్స్టర్ హాలు ముందు ఉన్నామని చెప్పేవారందరినీ లెక్కిస్తే ఆ వీధి చాలదేమో! అందువల్ల జాగ్రత్తపరులైన అభిమానులు ఒకరి మాటను మరొకరి మాటతో పోలుస్తారు. కరపత్రంమీది తేదీ, రికార్డు లేబుల్‌మీది సంఖ్య, ఫాన్‌జీన్‌లోని సమీక్ష, నాటి దినపత్రికలోని ప్రకటన, రేడియో ప్రసారాల పట్టిక ఒకదానితో ఒకటి సరిపోయినప్పుడే సంగతి ఖాయమవుతుంది. ఇది చరిత్ర పరిశోధకుల పద్ధతే. విశ్వవిద్యాలయ పట్టాలు లేనివారు కూడా దీనిని శ్రద్ధగా పాటించారు.

అంతకంటె పెద్ద ప్రశ్న మరొకటి ఉన్నది. పంక్ బెల్‌ఫాస్ట్‌ను ఏకం చేసిందని చలనచిత్రాలు, వ్యాసాలు తరచూ చెబుతాయి. ఈ మాటను కొంత తగ్గించి స్వీకరించవలసి ఉన్నది. ఈ సంగీతాన్ని అనుసరించినవారు నగర జనాభాలో బహు స్వల్పం. పాట ముగిశాక ఎవరి పేటకు వారు తిరిగి వెళ్లారు. 1981లో జైలులో నిరాహారదీక్షచేసి పదిమంది రిపబ్లికన్ ఖైదీలు మరణించినప్పుడు నగరం మళ్లీ నిలువునా చీలింది. హింస మరి పదిహేడేళ్లు సాగింది. నేటికీ ఉత్తర ఐర్లండ్ విద్యార్థులలో సమైక్య పాఠశాలల్లో చదువుతున్నవారు పదోవంతుకు లోపే.

అయినంతమాత్రాన ఆ స్మృతులు వట్టి కల్పనలు కావు. గిటారులు యుద్ధాన్ని ఆపాయని అభిమానులలో ఎక్కువమంది చెప్పరు. అవతలి పేటవాడిని మొదటిసారి మనిషిగా చూశామని, అతడితో కలిసి నవ్వామని, కొందరితో ఆ చెలిమి జీవితాంతం నిలిచిందని చెబుతారు. ఈ సాక్ష్యాన్ని ప్రభుత్వ పత్రాలు భద్రపరచవు. మృతుల సంఖ్య, పేలుళ్ల సంఖ్య దస్త్రాలలో ఉంటాయి. భయపడుతూనే బస్సెక్కి హార్ప్ బార్‌కు వెళ్లిన పదహారేళ్ల పిల్ల మాట ఆమె చెబితేనే లోకానికి తెలుస్తుంది.

1978లో పదహారేళ్లున్నవారు ఇప్పుడు అరవై దాటినవారు. నాటి వాద్యకారులలో పలువురు ఇప్పటికే కాలంచేశారు. రికార్డులు ఎంత అరుదైనవైనా ఎక్కడో ఒక ప్రతి దొరుకుతుంది, ప్రోటెక్స్ ఆల్బంవలె ముప్పై ఏళ్లకైనా వెలుగు చూస్తుంది. మనిషి జ్ఞాపకానికి రెండో ప్రతి లేదు. గొప్పవారి చరిత్రకు గ్రంథకర్తలు ఎందరో ఉంటారు. ఊరి బృందానికి మాత్రం దానిని విన్నవారే చరిత్రకారులు. కనుక విన్నవారు ఉండగానే అడగాలి, చెప్పినది తేదీలతో సహా వ్రాసుకోవాలి, వ్రాసినదానిని సరిచూసుకోవాలి. బెల్‌ఫాస్ట్ అభిమానులు చేసిన పని అదే. రూడీ పేరు నేటికీ నిలవడానికి కారణమూ అదే.